ఫోనుకూ ఒక వంతు

శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో బస్సెక్కడం, అర్ధరాత్రి వేళ చిల్లకల్లులో దిగి జగ్గయ్యపేట చేరడం, ఆదివారం రాత్రి మళ్ళీ రోడ్డు మీదికొచ్చి నిలబడడం. నందిగామ, జగ్గయ్యపేట ఇళ్ళల్లో ఐటీ ఉద్యోగం అంటే చాలాకాలం ఇదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఆ ఉద్యోగం ల్యాప్‌టాప్ సంచీతో సహా ఇంటికొచ్చింది. తర్వాత కొందరు తిరిగి వెళ్ళారు, కొందరు వారంలో రెండు మూడు రోజులు వెళ్ళొస్తున్నారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద జగ్గయ్యపేట నుంచి హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. రోజూ వెళ్ళొచ్చే దూరం కాదు. 2022 ఏప్రిల్ 4న ఈ రెండు ఊళ్ళూ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళినా జనం నోట ఇది ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్టే. పత్తి, మిరప పండే ఈ మెట్టలో మేడ మీది గదిలో కూర్చుని న్యూయార్క్ బ్యాంకుకు ప్రోగ్రామ్ రాయడం ఇప్పుడెవరికీ వింత కాదు. అది ల్యాప్‌టాప్ పుణ్యమనుకుంటాం గానీ, అసలు బరువు మోసేది పక్కనున్న ఫోను.

కరెంటు పోయి ఇంటి వైఫై ఆగిపోతే ఫోను హాట్‌స్పాట్ అవుతుంది. కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్ళాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఫోనులో అథెంటికేటర్ యాప్ చూపే ఆరంకెల సంఖ్య కావాలి. ఆ సంఖ్య 30 సెకన్లకోసారి మారుతుంది. అది ఎక్కడినుంచో రాదు. మొదట ఒకసారి ఇచ్చిపుచ్చుకున్న రహస్యాన్నీ, గడియారంలోని సమయాన్నీ కలిపి ఫోనే లెక్క కడుతుంది. అటు సర్వరూ అదే లెక్క కట్టి సరిచూసుకుంటుంది. అందుకే టవర్ దొరకని చోట కూడా ఆ సంఖ్య పనిచేస్తుంది. 'ఆమోదించు' అని బొత్తాం నొక్కమనే పద్ధతి మాత్రం సిగ్నల్ లేకపోతే మూగబోతుంది.  ఇవి కాక టీమ్స్, స్లాక్‌లలో మాటామంతీ, జిరాలో టికెట్లు, క్యాలెండర్‌లో మీటింగులు. అన్నీ జేబులోనే. ఆఫీసు తాళంచెవీ ఆఫీసు గంటా ఒకే వస్తువులో ఉన్నాయన్నమాట. చిక్కంతా అక్కడే ఉంది. తాళంచెవిని ఇంట్లో ఎక్కడైనా పెట్టి మరిచిపోవచ్చు, గంట అలా ఊరుకోదు.

ఈ యాప్‌లను పనితనం పెంచేవంటారు. ఒక్కో పనిని విడిగా చూస్తే ఆ మాట నిజమే. మెయిల్ వెతకడం, మీటింగు కుదర్చడం, ఫైలు పంపడం నిమిషాల్లోంచి సెకన్లలోకి వచ్చాయి. అలా మిగిలిన నిమిషాలు ఉద్యోగి ఖాతాలో పడ్డాయా అంటే లేదు. కబురు ఎంత త్వరగా చేరితే జవాబు అంత త్వరగా రావాలని అవతలివాళ్ళు ఆశిస్తారు. ఉత్తరానికి వారం ఆగిన మనిషి మెయిల్‌కు ఒక రోజు ఆగేవాడు, చాట్‌కు అయిదు నిమిషాలు ఆగడు. మైక్రోసాఫ్ట్ 2025లో తన వినియోగదారుల లెక్కలు తీసి, సగటు ఉద్యోగికి రోజుకు 117 మెయిళ్ళు, 153 టీమ్స్ సందేశాలు వస్తున్నాయని చెప్పింది. ఆ సరుకు అమ్మే కంపెనీయే ఈ మాట ఒప్పుకుందంటే నమ్మొచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ ఇరవై ఏళ్ళుగా ఆఫీసు మనుషుల చూపు తెర మీద ఎంతసేపు నిలుస్తుందో కొలుస్తున్నారు. 2004లో ఒకే తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేది. ఇటీవలి కొలతల్లో 47 సెకన్లకు దిగింది. మధ్యలో ఆపిన పని దగ్గరికి మళ్ళీ రావడానికి సుమారు 25 నిమిషాలు పడుతోందనీ, ఈలోగా మనిషి వేరే రెండు పనుల్లో తల దూరుస్తున్నాడనీ కూడా ఆమె గమనించారు. ప్రోగ్రామ్ రాసేవారికి ఇది మరీ నష్టం. ఏ విలువ ఎక్కడ మారుతోందో, ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తోందో తలలో పేర్చుకున్న గూడు ఒక్క 'హాయ్'తో కూలిపోతుంది. ఆ 'హాయ్' తర్వాత అసలు ప్రశ్న రావడానికి ఇంకో మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ తెర మీద చుక్కలు ఆడుతూ ఉంటాయి.

పైగా ఫోను గంటకు చిన్నా పెద్దా తేడా తెలీదు. 2023 జూలై చివర్లో ఒకసారి, 2024 సెప్టెంబరు మొదట్లో మరోసారి మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చాయి, హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. నందిగామలో ఉన్నవారికి అలాంటి కబురుకు మించిన అత్యవసరం ఉండదు. కానీ వాట్సాప్‌లో ఆ కబురూ, ఆఫీసు గ్రూపులో ఎవరో పెట్టిన బొటనవేలి బొమ్మా ఒకే టింగుతో వస్తాయి. వేరే శబ్దం పెట్టడం చేతకాక కాదు. 2023లో కేంద్రం దేశమంతటా విపత్తు హెచ్చరికల ప్రయోగం చేసినప్పుడు ఫోన్లు అందరూ ఉలిక్కిపడేలా, మామూలు మోతకు పోలిక లేకుండా మోగాయి. ఆండ్రాయిడ్‌లో 2017 నుంచీ ఒక యాప్ పంపే కబుర్లనే రకాలుగా విడదీసి వేటికి మోగాలో, వేటికి ఊరుకోవాలో చెప్పే ఏర్పాటుంది. టీమ్స్‌లో 'అర్జెంట్' అని గుర్తు పెట్టి పంపితే చదివేదాకా రెండు నిమిషాలకోసారి 20 నిమిషాలపాటు గుర్తుచేస్తుంది. పరికరానికి వివేకం నేర్పవచ్చు. కానీ ఏది అర్జెంటో తేల్చేది పంపేవాడు. పంపేవాడికి తన పనే అర్జెంటు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: మ్యూట్ బొత్తాం చేతిలోనే ఉంది కదా, ఫోకస్ మోడ్ ఉంది, రాత్రి తొమ్మిదికి ఫోను పక్కన పెట్టలేకపోవడం మన బలహీనత కాదా అని. సగం నిజం. మిగతా సగం ఈ మెట్ట రైతుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు ఈ ప్రాంతానికి ముఖ్య ఆధారం. నీరు చాలని ఏడాది వంతులవారీగా వదులుతారు. ఆరుతడి పంటకు ఎప్పుడూ నీళ్ళు పారనక్కర్లేదు, తడికీ తడికీ మధ్య ఆరడం కూడా కావాలి. అయితే ఎగువ రైతు తూము ఎత్తిపెట్టుకుంటే కాలువ చివరి రైతు ఎంత నిష్ఠగా తన వంతు పాటించినా చేలోకి నీరు రాదు. ఒక్కడే పార పట్టుకుని గట్టు మీద కాపలా కాస్తే తెగే తగవు కాదది. అందరూ ఒప్పుకున్న వంతూ, దాన్ని అమలు చేసే కాలువ లస్కరూ ఉండాలి. శ్రద్ధ కూడా అలాంటి నీరే. టీములో ఒక్కరే మ్యూట్ పెట్టుకుని పరికరం ముట్టకుండా ఉంటే, కాసేపటికి టీమ్స్‌లో వారి పేరు పక్కన పచ్చచుక్క పసుపు రంగుకు మారుతుంది. ఆఫీసులో ఉన్నవాడు కుర్చీలోంచి లేస్తే టీకి వెళ్ళాడనుకుంటారు, ఇంటి నుంచి పనిచేసేవాడి చుక్క మారితే నిద్రపోయాడనుకుంటారు. ఆ అనుమానానికి భయపడి మౌస్ కదుపుతూ కూర్చోవడం పనితనం అనిపించుకోదు. 2020లో మైక్రోసాఫ్ట్ 'ప్రొడక్టివిటీ స్కోర్' పేరుతో ఒక్కో ఉద్యోగి ఎన్ని మెయిళ్ళు పంపాడో, ఎన్ని రోజులు చాట్ చేశాడో యాజమాన్యానికి పేర్లతో సహా చూపింది. విమర్శలు చెలరేగాక ఆ డిసెంబరులో పేర్లు తీసేసింది. పేర్లు పోయినా, చప్పుడు చేసేవాడే పనిచేస్తున్నట్టు లెక్కించే బుద్ధి పోలేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగకుండా చూసే ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్నవారి సంగతేమిటి? అర్ధరాత్రి బ్యాంకు సర్వరు పడిపోతే పొద్దున చూద్దామంటే కుదరదు. నిజమే, కుదరదు. కానీ ఆ పని చేసేవాళ్ళే వంతును ఎప్పుడో కనిపెట్టారు. ఈ వారం ఆన్‌కాల్ ఒకరు, వచ్చేవారం ఇంకొకరు. వంతున్నవాడి ఫోనే మోగుతుంది, తక్కినవారు నిద్రపోతారు. అత్యవసరాలు ఎక్కువగా ఉండే చోటే వంతు పకడ్బందీగా ఉండి, అత్యవసరమేమీ లేని డెవలపర్ టీముల్లో అందరి ఫోన్లూ అన్ని వేళలా మోగడం విడ్డూరం. మరీ మూగబోయినా మంచిది కాదు. నికొలస్ ఫిట్జ్, కొస్తాదిన్ కుష్లెవ్, మరికొందరు 2019లో వెలువరించిన ఒక పరిశోధనలో రెండు వారాలపాటు కొందరికి నోటిఫికేషన్లు మామూలుగా, కొందరికి గంటకోసారి, కొందరికి రోజుకు మూడుసార్లు గుత్తగా అందేలా చేశారు. ఇంకొందరికి అసలే ఆపేశారు. రోజుకు మూడు విడతల్లో అందినవారు ఏకాగ్రత కుదిరిందన్నారు, ఒత్తిడీ తగ్గిందన్నారు. అసలే రానివారికి మాత్రం ఏదో తప్పిపోతున్నామన్న బెంగ పెరిగింది. తడికీ తడికీ మధ్య ఆరడం అన్నమాట, పూర్తిగా ఎండగట్టడం కాదు.

ఇంకొందరు లోగొంతుకతో అనే మాట ఒకటుంది: ఇంట్లో ఉండనిచ్చారు, అదే పదివేలు, వంతులూ హద్దులూ అని అడిగితే ఆఫీసుకు రమ్మంటారు. ఈ భయం ఆడవాళ్ళకు మరీ ఎక్కువ. చంటిబిడ్డనో, మంచం పట్టిన అత్తగారినో చూసుకుంటూ ఉద్యోగం నిలుపుకోవడానికి నందిగామలో ఉండడమే వారికి దారి. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా మహిళల కోసం ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున తెస్తామని ప్రకటించారు. మంచిదే. కానీ కనెక్షనూ కుర్చీ బల్లా సమకూర్చి, పని ఎన్నింటికి ముగుస్తుందో చెప్పకపోతే ఆ ఇల్లాలికి రెండు ఉద్యోగాలు ఒకే గదిలో ఇచ్చినట్టే. కొన్ని దేశాలు దీన్ని దయాధర్మానికి వదలలేదు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి 50 మందీ, అంతకు మించీ ఉన్న సంస్థలు పనివేళల తర్వాత ఫోను సంగతి ఉద్యోగులతో మాట్లాడి తేల్చుకోవాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి, అది అసమంజసమైన సందర్భాల్లో తప్ప, పనివేళలు దాటాక వచ్చిన కబురు చూడకుండా ఉండే హక్కు ఉద్యోగికి ఉంది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. మన ఐటీ చాలావరకు అవతలి దేశపు పగటికి పనిచేస్తుంది కాబట్టి 'పనివేళల తర్వాత' అంటే ఏమిటో తేల్చడం ఇక్కడ మరీ కష్టం. అందుకే చట్టం కన్నా ముందు టీము స్థాయిలో ఒక పేజీ ఒప్పందం కావాలి: చాట్‌కు జవాబు ఎంతసేపటికి ఇవ్వొచ్చు, దేనికి ఫోన్ కాల్ చేయాలి, ఏ రెండు గంటలు ఎవరూ ఎవరినీ పిలవకూడదు. ఇందుకు కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు.

ఉన్న యాప్‌లు ఎంత బాగా పనిచేస్తాయో చూడాలంటే క్యాలెండర్ తెరవాలి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళు ఎప్పుడో దానికి తెలియదు, అమెరికా గడియారం మాత్రం క్షుణ్ణంగా తెలుసు. వేసవిలో న్యూయార్క్ ఉదయం తొమ్మిది గంటల మీటింగు నందిగామలో సాయంత్రం ఆరున్నరకు వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు, ఇక్కడ అదే మీటింగు ఏడున్నరకు జరుగుతుంది. కాలిఫోర్నియావారి తొమ్మిది గంటలైతే రాత్రి పదిన్నరకు పోతుంది. ఈ సర్దుబాటంతా క్యాలెండర్ తనంతట తానే, ఒక్క సెకను తప్పు లేకుండా చేసేస్తుంది. మార్చి రెండో ఆదివారం దాకా ఈ మెట్ట ఇళ్ళల్లో రాత్రి భోజనం గంట జరుగుతుంది. జరపవచ్చా అని అడిగే గడి ఆ మీటింగు ఆహ్వానంలో ఎక్కడా ఉండదు.