డాక్టర్ చూసేది 3 నిమిషాలు.. వెయిటింగ్ 3 గంటలు! నల్గొండలో ఓపీ క్యూ తగ్గేదెలా?

నల్గొండ: పొద్దున్నే దేవరకొండలోనో, నకిరేకల్‌లోనో ఆర్టీసీ బస్సెక్కి ఖాళీ కడుపుతో నల్గొండ వస్తారు షుగర్ పేషెంట్లు. ఓపీ చీటీ తీసుకుని కూర్చుంటే పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం. అప్పుడు టెస్టులు రాస్తే రిపోర్టు సాయంత్రానికి. అది చూపించి బయటికొచ్చేసరికి ఊరి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. ఆ రోజు కూలి పాయె, తోడొచ్చినవాళ్ల కూలి కూడా పాయె. పైగా షుగర్ మందులు వాడేవాళ్లు అంతసేపు తినకుండా ఉంటే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

డాక్టర్లు తక్కువ కాబట్టే ఇలా అవుతోందా? ప్రతిసారీ కాదు.

లెక్క ఇదీ..

ఒక డాక్టర్ 10 గంటలకు కూర్చుని 60 మందిని, తలా 3 నిమిషాలు చూస్తారనుకుందాం. అందరూ 10కే వస్తే చివరి వ్యక్తి దాదాపు 3 గంటలు ఆగాలి. అదే అరగంటకు 10 మంది చొప్పున టైమ్ ఇస్తే? ఎవరూ అరగంటకు మించి ఆగక్కర్లేదు. డాక్టర్ ఒక్కరే, పని గంటలూ అవే!

అయితే పేషెంట్ వచ్చేది బస్సు టైమ్‌కి, ఆస్పత్రి టైమ్‌కి కాదు. అందుకే ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ముందు స్లాట్లు, టౌన్‌లో ఉండేవాళ్లకు 12 తర్వాత ఇస్తేనే ఇది వర్కవుట్ అవుతుంది. ఇక పాత షుగర్ పేషెంట్లకు ఏ టెస్టులు కావాలో ముందే తెలుసు. డాక్టర్ కిందటిసారే రాసిపెడితే, రాగానే రక్తం తీసుకుని టిఫిన్ చేయమనొచ్చు. డాక్టర్ పిలిచేలోపు రిపోర్టు రెడీ.

ఇంకో దారీ ఉంది. ఊరి దగ్గరి పీహెచ్‌సీలో రక్తం ఇస్తే, శాంపిల్‌ను జిల్లా కేంద్రంలోని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌కు పంపి ఉచితంగా పరీక్ష చేస్తారు. 2018లో హైదరాబాద్‌లో మొదలైన ఈ స్కీమ్ 2021 జూన్‌లో నల్గొండ, మహబూబ్‌నగర్ సహా పలు జిల్లాలకు వచ్చింది. ఆ రిపోర్టుతోనే నల్గొండ బస్సెక్కితే ఖాళీ కడుపు ప్రయాణం తప్పుతుంది.

డిశ్చార్జ్‌లోనూ ఇదే కథ

పొద్దున 9కి డాక్టర్ "ఇంటికెళ్లొచ్చు" అంటారు. ఫార్మసీ లెక్క, బిల్లు, సమ్మరీ అయ్యేసరికి 3. రోజుకు 10 మంది ఇలా 6 గంటలు ఆగితే 60 గంటలు, అంటే రెండున్నర పడకలు రోజంతా ఊరికే బ్లాక్ అయినట్టే. 40 పడకల ఆస్పత్రికి ఇది చిన్న నష్టం కాదు. కింద ఎమర్జెన్సీలో బెడ్ కోసం ఎదురుచూసేవాళ్లకైతే ఇంకా పెద్దది. రేపు ఎవరు వెళ్తారో ముందురోజు రాత్రే రాసుకుని కాగితాలు మొదలుపెడితే చాలావరకు తగ్గుతుంది.

ఇన్సూరెన్స్ ఉంటే మరో విషయం గుర్తుంచుకోవాలి. ఐఆర్‌డీఏఐ 2024 మే సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ డిశ్చార్జ్‌కు కంపెనీ 3 గంటల్లో ఓకే చెప్పాలి. ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా వేసే ఛార్జీలు కంపెనీయే భరించాలి. ఆరోగ్యశ్రీకి మాత్రం ఈ రూల్ వర్తించదు, దాని పద్ధతి వేరు.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 2022లో వచ్చిన 'స్కాన్ అండ్ షేర్' ఉన్నచోట, కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఓపీ టోకెన్ ఫోన్‌కే వస్తుంది. బటన్ ఫోన్ వాడే పెద్దవాళ్ల కోసం మాత్రం పాత కౌంటర్ ఒకటి తెరిచి ఉంచాల్సిందే.