పొట్టు రాలే మచ్చ, స్పర్శ తెలియని మచ్చ

ఒంటిమీద చిన్న తెల్లమచ్చ కనబడితే చాలు, ఇంటిల్లిపాదికీ బొల్లి భయం పట్టుకుంటుంది. ఆ భయం చాలాసార్లు అనవసరం.

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. పైపొర అడుగున ఉండే మెలనోసైట్ కణాలు దాన్ని తయారు చేస్తాయి. మన రోగనిరోధక వ్యవస్థే ఈ కణాలను చంపేస్తే వచ్చేది బొల్లి. అప్పుడు మచ్చ సున్నం పూసినంత తెల్లగా ఉంటుంది, పొట్టు రాలదు. అది అంటువ్యాధి కానే కాదు. కణాలు బతికే ఉండి పని మందగిస్తే మాత్రం రంగు కాస్త వెలుస్తుందంతే.

శోభి మచ్చల సంగతి ఇదే. మలసీజియా అనే ఈస్ట్ మనందరి చర్మం మీదా ఉంటుంది. ఉక్కపోతలో, చెమటకు, జిడ్డుకు అది విజృంభిస్తుంది. అది వదిలే అజెలాయిక్ ఆమ్లం మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. మెడ, వీపు, ఛాతీ మీది మచ్చను గోటితో మెల్లగా గీరితే సన్నటి పొట్టు లేస్తుంది. కీటోకొనజోల్ లాంటి మందులతో ఈస్ట్ కొద్ది వారాల్లోనే అదుపులోకి వస్తుంది కానీ, రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుంటారు. మందు పనిచేయలేదనుకుని దుకాణంలో అడిగి స్టెరాయిడ్ క్రీము తెచ్చి రాస్తారు. దాంతో ఈస్ట్ ఇంకా పెరుగుతుంది, చర్మం పలచబడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

పిల్లల బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు వస్తే కడుపులో పురుగులున్నాయంటారు పెద్దవాళ్లు. ఆ మచ్చలకు పురుగులు కారణం కాదు. చర్మం పొడిబారి వచ్చే తేలికపాటి ఎగ్జిమా అది. ఎండకు చుట్టూ నల్లబడేసరికి మచ్చ ఎత్తి చూపినట్టు కనిపిస్తుంది. రోజూ మాయిశ్చరైజర్ రాస్తూ ఎండ తగలకుండా చూసుకుంటే మెల్లగా సర్దుకుంటుంది.

నలభై దాటినవారి పిక్కల ముందు భాగంలో, ముంజేతుల మీద మిరియపు గింజంత తెల్లచుక్కలు వస్తుంటాయి. వయసు, ఏళ్ల తరబడి తగిలిన ఎండ వాటికి కారణమంటారు. ప్రమాదమేమీ లేదు.

వదిలేయకూడనిది మరొకటుంది. పాలిపోయిన మచ్చ కనిపిస్తే ఆ మనిషిని కళ్లు మూసుకోమని, దూదిపోగుతో మచ్చ మీదా, పక్కనున్న మామూలు చర్మం మీదా తాకించి, తెలుస్తోందా అని అడగండి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే కుష్ఠు కావచ్చు, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. మందులు అక్కడ ఉచితం. వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. నరాలు దెబ్బతినకముందే మొదలుపెడితే వేళ్లు వంకరపోయే దశ దాకా రాదు.