మడ అడవి కాలువల్లో మౌన విహారం

గోదావరి సముద్రాన్ని చేరే చోట ఒక్క నదిగా మిగలదు. కాకినాడకు దక్షిణాన గౌతమీ పాయ నీరు అనేక చిన్న కాలువలుగా చీలి మడ చెట్ల నడుమ పారుతుంది. 1978లో ఏర్పడిన కోరింగ వన్యప్రాణి అభయారణ్యం ఇక్కడే ఉంది. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సెలవుల్లో పిల్లలతో ఇక్కడికి వచ్చి, ఏ జంతువూ కనిపించలేదన్న నిరాశతో తిరిగి వెళ్ళేవారు ఉంటారు. అడవిలో ప్రాణులు లేక కాదు. ఇంజిను మోత, మన కేకలు విని అవి ముందే తప్పుకుంటాయి. తెడ్డుతో నడిపే చిన్న పడవలోనో, కయాక్‌లోనో నిశ్శబ్దంగా సాగేవారికి ఇదే కాలువ మరోలా కనిపిస్తుంది.

ఏ వేళ మేలు?

ఇక్కడి జీవితాన్ని నడిపేది ఆటుపోట్లు. రోజుకు రెండు మార్లు నీరు పొంగుతుంది, రెండు మార్లు తీస్తుంది. నీరు తీసిన వేళ ఒడ్డు బురద బయటపడుతుంది. ప్రాణులు ఆహారానికి వెలికి వస్తాయి. ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరిన రోజున ఆ సమయం కలిసివస్తే అంతకన్న మంచి తరుణం లేదు.

బురద మీది సందడి

మడ చెట్ల చుట్టూ బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చినవి శ్వాసవేళ్ళు. గాలి ఆడని బురదలో వేళ్ళకు ఊపిరి అందేది వీటి ద్వారానే. వాటి మధ్య మడ్‌స్కిప్పర్ అనే చిన్న చేప నీటిని విడిచి బురదపై పాకుతూ, గెంతుతూ ఉంటుంది. తడిసిన చర్మం ద్వారా అది గాలిని పీల్చుకోగలదు. పక్కనే ఫిడ్లర్ పీతలు కనిపిస్తాయి. మగదానికి ముందరి కాళ్ళలో ఒకటి చాలా పెద్దది. దానిని ఊపుతూ ఆడపీతను పిలుస్తుంది, పోటీదారును బెదిరిస్తుంది.

తల ఎత్తి చూస్తే నలుపు తెలుపు లకుముకి పిట్ట గాలిలో ఒక్కచోటనే రెక్కలాడిస్తూ నిలిచి, నిట్టనిలువునా నీటిలోకి దూకుతుంది. నీటికాకి రెక్కలు చాచి ఎండకు ఆరబెట్టుకుంటుంది. శీతకాలంలో ఉత్తర దేశాల నుంచి వచ్చిన ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కులు గుచ్చి పురుగులను వెదుకుతాయి. అదృష్టం ఉంటే నీటికుక్కల గుంపు ఈదుతూ ఎదురుపడవచ్చు.

కనబడని వేటగాడు

ఈ అడవిలోని అరుదైన ప్రాణుల్లో ఒకటి బావురుపిల్లి. పెంపుడు పిల్లికి దాదాపు రెండింతలుండే ఈ ప్రాణి నీటికి జంకదు. ఈది, మునిగి చేపలను పడుతుంది. రాత్రివేళ తిరుగుతుంది కనుక పగటి యాత్రికులకు దొరికేది సాధారణంగా బురదపై దాని అడుగుజాడ మాత్రమే. ఆ జాడను పిల్లలకు చూపించగలిగినా ప్రయాణం సార్థకమే.

సముద్రం వైపున్న హోప్ ఐలాండ్ ఇసుకలో ఏటా తొలి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పొదిగి బయటికి వచ్చిన పిల్లలు రాత్రివేళ సముద్రంపై కనిపించే వెలుగును బట్టి దారి తెలుసుకుంటాయి. తీరంలో మనం వెలిగించిన దీపం వాటిని దారి తప్పిస్తుంది.

మన వంతు

మడ అడవి సముద్రానికి పురిటిల్లు వంటిది. పండుగప్ప వంటి చేపలు, రొయ్యలు, పీతలు పసితనంలో ఈ వేళ్ళ నడుమ తలదాచుకుని పెరుగుతాయి. తీరంలోని బెస్తవారి వలలో పడేదానికీ, వారి ఇంట పొయ్యి వెలగడానికీ ఈ బురదతో సంబంధం ఉంది. గత కొన్ని దశాబ్దాలలో డెల్టాలో మడ చెట్లను కొట్టి రొయ్యల చెరువులు తవ్విన చోట ఆ ఆశ్రయం పోయింది. తుఫాను అలల ఉరవడిని తగ్గించే అడ్డూ పోయింది.

కనుక అటవీ శాఖ అనుమతితో, కాలువలు ఎరిగిన స్థానిక పడవవానిని తోడు తీసుకుని, లైఫ్ జాకెట్ ధరించి వెళదాం. పీతలను పట్టవద్దని, కొమ్మలు విరవవద్దని పిల్లలకు ముందే చెబుదాం. ముఖ్యంగా తిల్ల చెట్టు పాలు కంట పడితే చూపుకే ప్రమాదం. పక్షులకు తినుబండారాలు విసరకుండా, ప్లాస్టిక్ సంచి ఒక్కటైనా నీటిలో వదలకుండా తిరిగి వద్దాం. మనం వెళ్ళిన తరువాత కూడా లకుముకి అదే కొమ్మ మీద కూర్చుని ఉంటే, ఆ కాలువలో మనం అతిథులుగా మెలిగినట్టే.