మెంతుల జిగురులోనే ఉంది గుణం

చక్కెర జబ్బు ఉందని తేలిన ఇంట్లో మొదట వినబడే సలహా మెంతులు. పొరుగింటి పెద్దమ్మ చెబుతుంది, బస్సులో పక్క సీటాయనా చెబుతాడు. ఆ మాట ఉత్తిది కాదు. అయితే ఎంతవరకు నిజమో తెలియక మందులు మానేసి ప్రాణం మీదకు తెచ్చుకునేవారున్నారు.

మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున చూస్తే ఉబ్బి, వేళ్లకు జిగట తగులుతుంది. అది గింజలోని పీచు. మెంతి గింజ బరువులో సుమారు సగం పీచు పదార్థమే. ఈ జిగురును మన పేగులు అరిగించుకోలేవు. అది తిన్న అన్నంతో కలిసి చిక్కబడుతుంది. అందుచేత అన్నం పొట్టలోంచి మెల్లగా కిందికి దిగుతుంది, చక్కెర ఒక్కుమ్మడిగా కాక కొద్దికొద్దిగా రక్తంలో కలుస్తుంది.

అసలు గుణం జిగటదేనని ముందు ఇంగ్లండులో తేలింది. డేవిడ్ జెంకిన్స్, ఆయన తోటివారు 1970లలో ముదురు గోరుచిక్కుడు గింజల జిగురును ఆహారంలో కలిపి పెడితే, తిన్న తర్వాత చక్కెర అంతగా పెరగలేదు. అదే జిగురును జిగట పోయేలా చేసి ఇస్తే ఫలితమే లేదని 1978లో ప్రకటించారు. మనం కూర వండుకునే లేత కాయల్లో గింజ ముదరదు కనుక, గోరుచిక్కుడు వేపుడు మీద అంత ఆశ పెట్టుకోనక్కరలేదు.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో మెంతుల మీదే పరీక్షలు జరిగాయి. 1986లో వెలువడిన ఫలితాల ప్రకారం పచ్చి గింజలు బాగా పనిచేశాయి, ఉడికించినవి తక్కువ. జిగురు తీసేసిన గింజలు, వండిన మెంతికూర దాదాపు పనిచేయలేదు. 1990 నాటి పరీక్షలో ఇన్సులిన్ వాడే రోగులకు నూనె తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాముల చొప్పున 10 రోజులు పెడితే చక్కెర తగ్గింది. పోపులో వేసే చిటికెడు ఎక్కడ, ఆ 100 గ్రాములెక్కడ! ఆవకాయలో మెంతిపిండి ఉందిగా అనేవారు అందులోని ఉప్పు సంగతీ చూసుకోవాలి.

పొడిని నీళ్లు లేకుండా మింగితే గొంతులో ఉబ్బి అడ్డుపడవచ్చు. ఎక్కువైతే కడుపుబ్బరం, విరేచనాలు. గర్భిణులు మందులా వాడకూడదు. మాత్రలతో పాటు మెంతులు ఎక్కువగా తింటే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. వెంటనే పంచదార నీళ్లు తాగించాలి. ఇన్సులిన్ మీదే బతికే పిల్లలకు అది మాన్పిస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. మెంతులు మొదలుపెట్టేవారు డాక్టరుకు ముందే చెప్పి, రక్త పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. మందు తగ్గించాలా వద్దా అన్నది ఆ పరీక్ష చూసి డాక్టరే చెబుతారు.