ఆపరేషన్ ఒక్కసారే, సంచి మాత్రం వారం వారం



వైద్య సహాయం అనగానే మనకు ఆపరేషన్ ఖర్చే గుర్తుకొస్తుంది. రోగి ఇంటికి చేరాక మొదలయ్యే ఖర్చులు కూడా ఉంటాయి. ఇలియోస్టమీ చేయించుకున్నవారి పరిస్థితి అలాంటిదే. మలానికి సంబంధించిన విషయం కావడంతో వీరు సిగ్గుపడి నోరు విప్పరు. మీ సహాయం వారికి సరిగా అందాలంటే ఈ ఆపరేషన్ గురించి కొంత తెలిసి ఉండాలి.

మనం తిన్నది సుమారు 6 మీటర్ల చిన్నపేగులో జీర్ణమై, ఒకటిన్నర మీటర్ల పెద్దపేగులోకి వెళుతుంది. అక్కడ నీరు, ఉప్పు ఇంకి మలం గట్టిపడుతుంది. పెద్దపేగు నిండా పుండ్లు పడినా, క్యాన్సర్ వచ్చినా, టైఫాయిడ్ లేదా క్షయ ముదిరి చిన్నపేగుకు చిల్లు పడినా మలం దారి మళ్లించవలసి రావచ్చు. అప్పుడు చిన్నపేగు చివరి భాగాన్ని పొట్ట మీద, సాధారణంగా కుడివైపు, బయటకు తెచ్చి కుడతారు. ఎర్రగా కనిపించే ఆ పేగు మొనను స్టోమా అంటారు. దానికి ఆపుకునే కండరం ఉండదు. అందుకే మలం రోజంతా దానంతటదే వస్తుంటుంది.

ఇందులో ముఖ్యమైన రకాలు ఇవి.

లూప్ ఇలియోస్టమీ: పేగును మెలికలా పైకి తెచ్చి, పూర్తిగా తెగ్గొట్టకుండా ముందువైపు తెరుస్తారు. కింద వేసిన కుట్లు మానేదాకా మలం అటు పోకుండా చేసే తాత్కాలిక ఏర్పాటు ఇది. సాధారణంగా కొన్ని నెలలకు మరో ఆపరేషన్ చేసి మూసేస్తారు.

ఎండ్ ఇలియోస్టమీ: పేగు కొసను బయటకు తెచ్చి, చొక్కా చేతిని మడిచినట్టు వెనక్కి మడిచి చర్మానికి కుడతారు. ఇంగ్లండు సర్జన్ బ్రయాన్ బ్రూక్ 1952లో ఈ పద్ధతిని ప్రకటించారు. మొన కాస్త పైకి నిలిచి ఉండటంతో మలం చర్మానికి తగలకుండా సంచిలో పడుతుంది. చాలామందికి ఇది జీవితాంతం ఉంటుంది.

కోక్ పౌచ్: స్వీడన్ సర్జన్ నిల్స్ కోక్ 1969లో వివరించిన పద్ధతి. పేగుతోనే పొట్ట లోపల తిత్తి, దానికి కవాటం కుడతారు. బయట సంచి అక్కరలేదు. రోజుకు కొన్నిసార్లు గొట్టం పెట్టి ఖాళీ చేసుకోవాలి. కవాటం జారితే మళ్లీ ఆపరేషన్ తప్పదు కాబట్టి ఇప్పుడు అరుదుగా చేస్తారు.

వీటికి తోడు, చిన్నపేగుతో తిత్తి కుట్టి మలద్వారానికే కలిపే పద్ధతి ఒకటి ఉంది. లండన్‌లో పార్క్స్, నికోల్స్ 1978లో దీన్ని వెల్లడించారు. ఆ కుట్లు మానేవరకు చాలాసార్లు లూప్ ఇలియోస్టమీ పెడతారు.

లూప్, ఎండ్ రకాలవారికి సంచి తప్పనిసరి. ఒళ్లు కుదుటపడ్డాక రోజుకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా అంబలిలాంటి మలం వస్తుంది. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. మూడు నాలుగు రోజులకోసారి కొత్తది అతికించాలి. అంటే నెలకు 8 నుంచి 10 సంచులు కావాలి. ఆ మలంలోని జీర్ణరసాలు చర్మాన్ని ఒరిపిస్తాయి. సంచి కొనలేక గుడ్డ చుట్టుకుంటే చర్మం పుండవుతుంది. ఆ తర్వాత కొత్త సంచి కూడా సరిగా అతుక్కోదు.

మరో ప్రమాదం నీరు, ఉప్పు తగ్గిపోవడం. మన రాయలసీమ ఎండల్లో ఇది త్వరగా ముంచుకొస్తుంది. ఉత్త మంచినీళ్లే ఎక్కువగా తాగితే సరిపోదు, ఓఆర్ఎస్ కూడా అవసరం. రంజాన్ ఉపవాసాలకు ముందు డాక్టరును తప్పక అడగాలి. రోగులకు ఉపవాసంలో సడలింపు ఉన్నదే కదా. మలం ఆపుకోలేని స్థితి వల్ల నమాజు మానుకోనక్కరలేదు. వుజూ విషయంలో వారికున్న సౌలభ్యాన్ని ఆలిములు వివరిస్తారు.

రేణిగుంట నుంచి తిరుపతి రుయాకో, స్విమ్స్‌కో, వేలూరుకో వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నవారు మన వీధుల్లోనే ఉంటారు. లూప్ రకం వారికి కొన్ని నెలల సంచులు, మూసే ఆపరేషన్‌కు వెళ్లే దారి ఖర్చు కావాలి. ఎండ్ రకం వారికి ఏటేటా సంచులు కావాలి. అందుకే ఒకసారి ఇచ్చే పెద్ద మొత్తంతో పాటు నెలనెలా ఇచ్చే చిన్న మొత్తం కూడా మాకు ఎంతో విలువైనది. మీ ఇరుగుపొరుగులో ఇలాంటివారుంటే వారి పేరు బయటపడకుండా మాకు తెలియజేయండి.