పలు తరంగములకు ఒకే ఏరియల్

ఇండ్ల కప్పులపై టెలివిజన్ కొరకు నిలిపిన ఏరియల్ కడ్డీలు పంచాయతీ సభ్యులకు జ్ఞాపకముండును. అట్టి కడ్డీ తన పొడవునకు ఇంచుమించు రెండింతలున్న తరంగమునే చక్కగా అందుకొనును.

అల్ట్రా వైడ్‌బ్యాండ్ అను రేడియో పద్ధతి ఒకేసారి పలు తరంగములను వాడును. అమెరికాలో 2002లో దీనికి 3.1 నుండి 10.6 గిగాహెర్ట్జ్ వరకు అనుమతించిరి. అనగా సుమారు 10 సెంటీమీటర్ల తరంగము మొదలు 3 సెంటీమీటర్ల తరంగము వరకు అన్నియు ఒకే ఏరియల్ నుండి వెడలవలెను. ఇందుకు ఉపాయము, సన్నని కడ్డీకి బదులు శంకువువలె క్రమముగా వెడల్పగు రూపమును అమర్చుటయే. ఆలివర్ లాడ్జ్ 1898లోనే జంట శంకువుల ఏరియల్‌కు పేటెంటు పొందెను.

ఈ పద్ధతిని వాడు రాడార్, కూలిన గోడల క్రింద చిక్కినవారి ఊపిరి కదలికను సైతము పసిగట్టగలదు. ఏరియల్ రూపము కుదరనిచో సంకేతము చెదరి ఆ జాడ తప్పిపోవును. కనుక దాని రూపకల్పనలో చూపు శ్రద్ధ ప్రాణరక్షణకు తోడ్పడును.