పనితనం, ప్రాణరక్షణ, ఉత్పాదకత: నేరేడుచర్ల ప్రాంతపు బియ్యపు మిల్లులు

భూమి, శ్రమ, పెట్టుబడి అనేవి ఉత్పత్తికి మూలాధారాలని అర్థశాస్త్రం బోధిస్తుంది. వీటిలో శ్రమ ఒక్కటే మనిషి శరీరాన్ని విడిచి ఉండలేనిది. యంత్రం చెడిపోతే మరొకటి కొనవచ్చు. పదేళ్లు పని నేర్చిన చెయ్యి పోతే అటువంటిది ఏ అంగడిలోనూ దొరకదు. ఇంత స్పష్టమైన విషయమే అయినా, రక్షణ నియమాలు పాటిస్తే ఉత్పత్తి కుంటుపడుతుందనీ, ఉత్పత్తి పెరగాలంటే నియమాలను కొంత సడలించాలనీ ఒక అభిప్రాయం వ్యాపించి ఉంది. ఈ అభిప్రాయం ఎంతవరకు సరియైనదో మనకు తెలిసిన ఒక ప్రాంతాన్ని ఆధారం చేసుకొని పరిశీలిద్దాం.

ప్రాంతం, పరిశ్రమ

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పొలాలయ్యాయి. ధాన్యం వెంట మిల్లులు వచ్చాయి. నేడు మిర్యాలగూడ పరిసరాలు ఉప్పుడు బియ్యానికి దేశంలో పేరుపొందిన కేంద్రం. నేరేడుచర్ల రైతు కోసిన ధాన్యం ఈ మిల్లుల్లోనే వేడినీట నాని, ఆవిరిలో ఉడికి, డ్రైయర్లలో ఆరి, రబ్బరు రోళ్ల నడుమ పొట్టు వదిలి బియ్యమవుతుంది. ఆ ఊకే తిరిగి బాయిలరుకు ఇంధనం.

రెండు రకాల కొరత

2020 మే నెలలో, లాక్‌డౌన్ కాలంలో, వలస కూలీలందరూ సొంత ఊళ్ల దారి పట్టి ఉండగా ఒక రైలు ఎదురుదిక్కున వచ్చింది. బీహారులోని ఖగడియా నుండి రెండు వందలకు పైగా మిల్లు కార్మికులతో మే 8న అది హైదరాబాదు లింగంపల్లి స్టేషనుకు చేరింది. వారిని మిర్యాలగూడతో సహా తెలంగాణలోని పలు మిల్లు కేంద్రాలకు పంపించారు. యాసంగి ధాన్యం రాశులు పోసి ఉన్న ఆ రోజుల్లో బస్తా ఎత్తే మనిషి ఎంత అవసరమో ఈ సంఘటన లోకానికి తెలిపింది.

ఇది మొదటి కొరత, బరువు పనికి మనుషుల కొరత. ఇది కంటికి కనిపిస్తుంది. రెండవది బాయిలరు నడిపేవాడు, ఫిట్టరు, ఎలక్ట్రీషియను, రోళ్ల ఎడం సరిచేయగల ఆపరేటరు వంటి నిపుణుల కొరత. ఇది తొందరగా కనిపించదు. బస్తా ఎత్తేవారిని రైలులో రప్పించవచ్చు. నైపుణ్యాన్ని మాత్రం అప్పటికప్పుడు రప్పించలేము.

ఎందుకంటే, 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో వివరించినట్లు, వృత్తి నైపుణ్యం గురువు వద్ద మళ్లీ మళ్లీ చేయడం వలన శరీరంలో స్థిరపడిన అలవాటు. వినికిడితో అది రాదు. మన ఐ.టి.ఐ.లు సూత్రాలు నేర్పుతాయి. ఆ తరువాతి చదువు యంత్రం పక్కనే జరగాలి. అందుకోసమే 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. కాని 30 మందికి తక్కువ సిబ్బంది ఉన్న సంస్థకు అప్రెంటిసులను తీసుకోవడం తప్పనిసరి కాదు. చిన్న మిల్లు నేర్పదు, పెద్ద సంస్థ నేర్పినవాడు నగరానికో, గల్ఫ్ దేశాలకో వెళ్లిపోతాడు.

పనితనం విలువ ఎంత?

ప్రభుత్వ సేకరణ లెక్క ప్రకారం క్వింటాలు ధాన్యానికి 68 కిలోల ఉప్పుడు బియ్యం రావాలి. రోజుకు 100 టన్నుల ధాన్యం ఆడించే మిల్లును ఊహించండి. బియ్యం 68 టన్నులు. ధాన్యం సరిగా ఆరకపోయినా, రోళ్ల ఎడం కుదరకపోయినా గింజ విరుగుతుంది. నూక నూటికి ఒక్క పాలు పెరిగితే రోజుకు 680 కిలోల బియ్యం నూకల ధరకు పోతుంది. ఒక నిపుణుని జీతం ఎక్కువని వెనుకాడే యజమాని ఈ లెక్క వేసి చూడాలి.

నియమం ఎందుకు పుట్టింది?

నీరు ఆవిరైతే మామూలు పీడనంలో దాదాపు 1,600 రెట్లు వ్యాపిస్తుంది. ఆ శక్తిని ఇనుప గోడల మధ్య బంధించినదే బాయిలరు. 1863లో కలకత్తాలో జరిగిన బాయిలరు పేలుడు తరువాతే 1864లో బెంగాలులో తొలి బాయిలరు చట్టం వచ్చింది. అది 1923లో దేశమంతటికీ ఒకే చట్టంగా మారింది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. బాయిలరును నియమితంగా తనిఖీ చేయించాలి, అర్హతా పత్రం పొందినవాడే దానిని నడపాలి. నీటిమట్టం చూపే గాజు గొట్టాన్ని చదవలేనివాణ్ణి, సేఫ్టీ వాల్వు ఎందుకున్నదో ఎరుగనివాణ్ణి అక్కడ నిలబెడితే, ఆ కొరత మిల్లులోని ప్రతి ప్రాణానికీ ముప్పవుతుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తిరిగే యంత్ర భాగాలకు కంచె వేయాలన్నది. నడుస్తున్న యంత్రానికి నూనె పెట్టవలసి వస్తే ప్రత్యేక శిక్షణ పొందినవాడే, ఒంటికి బిగుతైన దుస్తులతో ఆ పని చేయాలన్నది. మెడలో తువ్వాలు, నడుమున లుంగీతో పుల్లీ దగ్గరకు పోయే మనిషిని తలచుకుంటే ఈ చిన్న నియమం వెనుక ఎందరి రక్తం ఉన్నదో అర్థమవుతుంది. దుమ్మును అది పుట్టిన చోటనే లాగివేయాలని కూడా ఆ చట్టమే చెప్పింది. బరువు విషయంలో, వయోజన పురుషుడు ఒక్కడే మోసే బరువు 55 కిలోలు దాటరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది.

ఇక్కడ ఒక మార్పును గమనించాలి. పాత చట్టంలో విద్యుత్తు వాడే చోట 10 మంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ. 2020లో ఆమోదించి 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. పదిమంది ఉన్న ప్రతి సంస్థకూ యజమాని సాధారణ బాధ్యతలు కోడ్ ప్రకారం ఉన్నప్పటికీ, ఫ్యాక్టరీలకు ప్రత్యేకించిన నిబంధనల నుండి చిన్న మిల్లు తప్పుకుంటుంది. కాని బెల్టుకు మనుషుల సంఖ్యతో నిమిత్తం లేదు. పదిహేను మంది ఉన్నచోట కూడా అది అదే వేగంతో తిరుగుతుంది.

పాత అనుభవం

ఈ ఆలోచన మన కాలంలో పుట్టినది కాదు. మధ్యయుగపు ముస్లిం నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి అంగళ్లను, వృత్తులను తనిఖీ చేసేవాడు. 12వ శతాబ్దంలో అల్ షైజరీ రచించిన హిస్బా గ్రంథం తూకాల మోసాలతో ఆగక, రొట్టెలు కాల్చే అంగడికి కప్పు ఎత్తుగా ఉండాలనీ, పొగ పోవడానికి విశాలమైన రంధ్రాలు వదలాలనీ నిర్దేశించింది. రొట్టె నాణ్యతనూ, గాలి సదుపాయాన్నీ ఒకే అధికారి చూసేవాడన్నది గమనార్హం.

ముగింపు

కనుక పనితనం, రక్షణ, ఉత్పాదకత ఒకదానికొకటి పోటీ కావు. యంత్రాన్ని ఎరిగినవాడే దానిని జాగ్రత్తగా నడుపుతాడు. జాగ్రత్తగా నడిచే యంత్రం తక్కువగా ఆగుతుంది. ప్రమాదం లేని చోట పనివాడు నిలుస్తాడు, నిలిచినవాడే తరువాతివానికి నేర్పుతాడు. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా మిగిలినవి నిలవవు.

చేయవలసినవి పెద్ద ఖర్చు లేనివే. బెల్టులకు జాలీ, ఎలివేటరు గుంటకు మూత, హమాలీలకు ముక్కుగుడ్డ కాదు, నిజమైన దుమ్ము మాస్కు, బీహారు నుండి వచ్చినవారికి వారి భాషలో హెచ్చరికలు కావాలి. ఇక నైపుణ్యం విషయంలో, ఒక్క మిల్లు భరించలేని శిక్షణను పది మిల్లులు కలిసి భరించవచ్చు. సీజను లేని నెలల్లో యంత్రాలు ఖాళీగా ఉంటాయి. అనుభవజ్ఞుడైన ఫిట్టరు అప్పుడు నలుగురు కుర్రవాళ్లకు యంత్రం విప్పి చూపగలడు. ఆ నాలుగు నెలలకు అతనికి జీతం ఎవరిస్తారన్నదే తేలవలసిన ప్రశ్న. అది తేలనంత కాలం, వచ్చే కోతల నాటికి మనం మళ్లీ రైలు కోసం ఎదురుచూస్తూనే ఉంటాము.